యజమాని పేరు రాయాల్సిన చోట

ఫారాలు నింపడం నా పని. కాప్రాలో బస్టాపు ఎదురుగా ఉన్న ఆన్‌లైన్ సెంటర్‌లో పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు దాకా కూర్చుంటాను. రేషన్ కార్డులో పిల్లల పేర్లు ఎక్కించాలన్నా, కులం సర్టిఫికెట్ కావాలన్నా, పింఛనుకు పెట్టుకోవాలన్నా జనం నా ముందున్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వివరాలు చెబుతారు. నేను టైపు చేస్తాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మౌలాలిలో మా గల్లీవాళ్లకు ఆ డిగ్రీ మీద నాకంటే ఎక్కువ నమ్మకం. "సుకన్య నింపితే ఫారం వాపస్ రాదు" అంటారు. అందుకే ఈ తప్పు నా చేతి మీదుగానే జరిగింది.

మా అమ్మ లచ్చమ్మ పదకొండేళ్లుగా సైనిక్‌పురి అవతల ఒక గేటెడ్ కాలనీలో వంట చేస్తోంది. మొదటి నుంచీ కామేశ్వరమ్మ గారి ఇల్లే. మా గల్లీలో ఇలా ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు నలుగురైదుగురున్నారు. వాళ్లలో ఒక పద్ధతి ఉంది. ఎవరికైనా జ్వరం వచ్చినా, చుట్టాలింట్లో శుభకార్యం ఉన్నా, ఆ రోజు ఇంకొకరు బదులు వెళతారు. డబ్బు మాట రాదు. నా బదులు నువ్వు ఒక రోజు వెళ్లావంటే, నీ బదులు నేను ఒక రోజు వెళతాను. రోజుకు రోజు. వాళ్లకు ఉన్న సెలవులన్నీ ఇవే. ఇళ్లవాళ్లకు కూడా ఇబ్బంది లేదు, వంట ఆగదు కాబట్టి.

కిందటేడు ఆ కాలనీలో గేటు దగ్గర యాప్ పెట్టారు. పనివాళ్ల ఫొటో, ఆధార్ అందులో ఎక్కించాలి. గేటు దగ్గర వాచ్‌మన్ ఫోన్‌లో ఫొటో చూసి, పచ్చ రంగు వస్తే లోపలికి పంపుతాడు. అమ్మ ఫొటో ఉంది. బదులు వెళ్లేవాళ్ల ఫొటో లేదు. రెండుసార్లు శ్యామలమ్మ చిన్నమ్మను గేటు బయటే ఆపేశారు. శ్యామలమ్మ మా పక్కింటావిడ, వేరే ఇళ్లలో పనిచేస్తుంది.

నేను కాలనీ సంఘం కార్యదర్శి సత్యదేవ్ గారికి ఫోన్ చేసి అడిగాను. ఆయన మర్యాదగానే చెప్పారు.

"వ్యక్తిగతం అని పెడితే ఇంటికి ఒక్క ఫొటోయే తీసుకుంటుందమ్మా. ఏజెన్సీ అని పెడితే ఐదుగురి దాకా చేర్చుకోవచ్చు."

నేను ఏజెన్సీ అని పెట్టాను. పేరు అడిగింది. 'లచ్చమ్మ హోమ్ సర్వీసెస్' అని రాశాను. ఓనర్ అన్నచోట అమ్మ పేరు, సిబ్బంది అన్నచోట శ్యామలమ్మ, ఇంకో ఇద్దరు. అప్పటి నుంచి ఎవరూ గేటు దగ్గర ఆగలేదు. గల్లీలో అందరూ నన్ను మెచ్చుకున్నారు. శ్యామలమ్మ అయితే నెల రోజులు అమ్మను ఆటపట్టించింది.

"ఓనరమ్మా, జెర చాయ్ పొయ్యరాదు. మీ స్టాఫ్ నిలబడ్డది."

"నీ జీతం కోస్త," అనేది అమ్మ.

"ఇస్తే గద కోసేది."

ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. నేనూ నవ్వాను.

మార్చిలో మా మేనమామ మనవడికి పుట్టువెంట్రుకలు తీశారు. అమ్మ వెళ్లాలి. జనవరిలో శ్యామలమ్మ బదులు అమ్మ ఒక రోజు వెళ్లింది కాబట్టి ఈసారి శ్యామలమ్మ వంతు. ఆమె కామేశ్వరమ్మ గారింటికి వెళ్లింది. పన్నెండు గంటలకు కుడిచేతికి తడిగుడ్డ చుట్టుకుని ఆటోలో తిరిగి వచ్చింది. కామేశ్వరమ్మ గారే చల్లటి నీళ్లు పోసి, మందు రాసి, ఆటో ఎక్కించారు. గంజి వారుస్తుంటే గిన్నె జారిందట. మణికట్టు నుంచి మోచేతి దాకా బొబ్బలు. గాంధీ ఆసుపత్రిలో కట్టు కట్టి, ఆరు వారాలు పొయ్యి దగ్గరకు వెళ్లొద్దని, చెయ్యి తడపొద్దని చెప్పారు.

పొయ్యీ నీళ్లూ ముట్టకుండా చేసే పని శ్యామలమ్మకు ఏముంది?

ఆమెకూ అమ్మకూ కార్మికుల కార్డులున్నాయి. నేనే చేయించాను. పనిలో ప్రమాదం జరిగితే సాయానికి పెట్టుకునే ఫారం ఒకటుంది. రెండు పేజీలు. మర్నాడు సెంటర్‌లో కూర్చుని నింపడం మొదలుపెట్టాను. పేరు, వయసు, పని, గాయం, ఆసుపత్రి చీటీ, అన్నీ అయ్యాయి. పద్నాలుగో గడి దగ్గర ఆగిపోయాను. 'ప్రమాద సమయంలో యజమాని పేరు, సంతకం.'

ఇది ఖాళీగా ఉంటే ఫారం తీసుకోరు. నాకు తెలుసు. ఇలాంటివి ఎన్నో వెనక్కి రావడం చూశాను.

కామేశ్వరమ్మ గారి పేరు రాసి, సంతకం కోసం ఆదివారం అమ్మతో పాటు వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ నన్ను కూర్చోమన్నారు. కాఫీ ఇచ్చారు. శ్యామలమ్మ చెయ్యి ఎలా ఉందని రెండుసార్లు అడిగారు. కాగితం చూశాక కళ్లజోడు తీసేశారు.

"ఇదేవిటమ్మా? నేను పనిలో పెట్టుకున్నది మీ అమ్మని. ఆవిణ్ణి నేను పెట్టుకోలేదు. మీ అమ్మ పంపితే వచ్చింది."

"మీ ఇంట్లోనే కదండీ కాలింది."

"కాదన్నానా? కానీ యజమాని అంటే ఎలా? ఆవిడకి నేను ఒక్క రూపాయి జీతం ఇవ్వలేదే."

నిజమే, ఇవ్వలేదు. అమ్మ కూడా ఇవ్వలేదు. అసలు ఆ రోజుకు శ్యామలమ్మకు ఎవరూ జీతం ఇవ్వలేదు. ఆమె జనవరి నాటి రోజును తీర్చుకుంటోంది.

ఆవిడ సత్యదేవ్ గారికి ఫోన్ చేశారు. ఆయన గొంతు నాకు కూడా వినిపించింది.

"సంతకం పెట్టకండి మేడమ్. వాళ్లది రిజిస్టరైన ఏజెన్సీ. ఆవిడ ఏజెన్సీ స్టాఫ్. మన రికార్డులో క్లియర్‌గా ఉంది. కావాలంటే ప్రింటు పంపిస్తాను."

ఆ రికార్డు నేను రాసిందే.

కాగితం మడిచి సంచిలో పెట్టుకుని బయటికి వచ్చాం. ఈసీఐఎల్ చౌరస్తా దగ్గర షేర్ ఆటో కోసం నిలబడ్డప్పుడు అమ్మ అడిగింది.

"బిడ్డా, నేను ఓనర్‌నా?"

"కాదమ్మా. గేటు కోసం రాసిన అంతే."

"గేటు కోసం రాస్తే గేటు కాడనే ఉండాలె గద. ఇంట్లకెట్లొచ్చె?"

బీకాంలో మూడేళ్లు చదివాను. ఒక పేపరులో కార్మిక చట్టాలు కూడా ఉన్నాయి. యజమాని, కార్మికుడు అని రెండు నిర్వచనాలు బట్టీ పట్టి రాశాను, మంచి మార్కులే వచ్చాయి. బదులు వెళ్లిన మనిషి గురించి ఆ పేజీలో ఏమైనా ఉందేమో గుర్తు లేదు.

తర్వాతి రోజు కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లాను. వేణుమాధవ్ అనే అధికారి కూర్చోబెట్టి అంతా విన్నారు. యాభై దాటిన మనిషి. మధ్యలో మూడుసార్లు "ఆగు, ఆగు, మళ్ల చెప్పు" అన్నారు.

"అంటే మీ అమ్మ వర్కర్."

"అవును సార్."

"మీ అమ్మ ఓనర్ సుత."

"యాప్‌లో మాత్రమే సార్."

"ఇంతకీ ఈ శ్యామలమ్మ ఎవరి దిక్కు?"

"అదే సార్ నేను అడగడానికి వచ్చింది."

ఆయన పెన్ను కింద పెట్టారు. ఇళ్లలో పనిచేసేవాళ్లకు ఏ చట్టం ఎంతవరకు వర్తిస్తుందో పైవాళ్లు తేలుస్తారనీ, ముందు ఎవరి కింద పనిచేస్తూ గాయపడిందో తేలాలనీ చెప్పారు. మీ అమ్మ ఓనర్‌గా సంతకం పెడితే ఫారం తీసుకుంటాం, కానీ ఆ తర్వాత శ్యామలమ్మ చేతికి జవాబుదారీ మీ అమ్మే అవుతుంది, ఓనర్‌కు కార్మికుల కార్డు ఎందుకని మీ అమ్మ కార్డు కూడా చిక్కులో పడొచ్చు అన్నారు. తర్వాత కొంచెం ఆలోచించి, "అందర్నీ ఒకసారి పిలుస్త. బలవంతం చెయ్యలేను. అడిగి రాసుకుంట," అన్నారు.

లేచి వస్తుంటే ఆగమన్నారు.

"నువ్వేడ పనిచేస్తవమ్మా?"

"కాప్రాలో ఆన్‌లైన్ సెంటర్‌లో సార్."

"అపాయింట్‌మెంట్ లెటర్ ఉన్నదా?"

"లేదు సార్. ఫారానికి ఇంత అని ఇస్తారు."

ఆయన నన్ను కాసేపు చూసి, "సరే, పో," అన్నారు.

ఆ సాయంత్రం శ్యామలమ్మ మా ఇంటికి వచ్చింది. కట్టు కట్టిన చేతిని ఇంకో చేతిలో పసిపిల్లలా పట్టుకుని గడప మీద కూర్చుంది. నేను ఆఫీసర్ చెప్పిందంతా చెప్పాను.

"వద్దక్కా," అంది అమ్మతో. "నువ్వు పెట్టకు. నీ కార్డు పోతే ఎట్ల?"

"ఎవ్వరు పెట్టకపోతే నీదెట్ల మరి?" అంది అమ్మ.

"నాదేముంది, తగ్గుతది."

"తగ్గేదాంక ఏం తింటవ్? కట్టు తింటవా?"

అమ్మ నా వైపు తిరిగింది.

"కామేశ్వరమ్మ పెడితే మంచిది. లేకుంటే నేనే పెడ్త. నా బదులు పోయింది. నేను పోయుంటే నా చెయ్యే కాలునో ఏమో. జెర కాయితం ఇయ్యి బిడ్డా, సంతకం సాఫ్ జేసుకుంట."

అమ్మ రాత్రిబడిలో పేరు రాయడం ఒక్కటే నేర్చుకుంది. 'చ్చ' దగ్గర ఎప్పుడూ తడబడుతుంది. పాత క్యాలెండర్ వెనక పది పన్నెండుసార్లు రాసింది. నేను పక్కన కూర్చుని చూశాను. ఆ సంతకం పెట్టాలో వద్దో చెప్పాల్సిన దాన్ని నేనే, కానీ ఏది మంచిదో నాకు తెలియలేదు. పెడితే అమ్మ మునుగుతుంది. పెట్టకపోతే చిన్నమ్మ మునుగుతుంది. రాసింది నేను.

పిలిచిన రోజు మేం ముగ్గురం ముందే వెళ్లి బెంచీ మీద కూర్చున్నాం. కామేశ్వరమ్మ గారు వస్తారని నేను అనుకోలేదు. పదకొండింటికి ఇస్త్రీ చీరలో, చేతిలో ఒక కవరుతో వచ్చారు. కవరులో సత్యదేవ్ గారు ఇచ్చిన ప్రింటు ఉంది. ఆవిడ కుర్చీలో కూర్చుంటూనే దాన్ని బల్ల మీద పెట్టారు.

"ఇదండీ రికార్డు. ఏజెన్సీ వాళ్లు పంపిన మనిషి. నాకు సంబంధం లేదు."

వేణుమాధవ్ గారు ప్రింటు చదివి పక్కన పెట్టారు. "ఉండనీ అమ్మా. ఆ రోజు ఏమైందో చెప్పండి, రాసుకుంట. గిన్నె ఎట్ల జారింది?"

"జారక ఏం చేస్తుందండీ? అలా పట్టుకుంటే."

"ఎట్ల పట్టుకున్నది?"

"మా ఇంట్లో కుక్కర్ అన్నం తినరండీ. మావారికి షుగరు. గంజి వార్చిన అన్నమే పెట్టాలి. ఈవిడేమో వచ్చీ రాగానే కుక్కర్ ఎక్కడమ్మా అంది. కుక్కర్ లేదు ఏం లేదు, నేను చెప్పినట్టు చెయ్యి అన్నాను. గిన్నె నేనే తీసిచ్చాను. ఎసరు ఎంత పొయ్యాలో నేనే చూపించాను."

"మీరు వంటింట్లనే ఉన్నరా?"

"ఉండనా మరి? కొత్త మనిషిని నమ్మి వదిలేస్తానా నా వంటిల్లు? పొద్దున తొమ్మిది నుంచీ పక్కనే ఉన్నాను. కూర తరగడం కూడా రాదు. వంకాయలు నీళ్లలో వెయ్యకుండా తరిగేస్తోంది, అవి నల్లబడిపోవూ? అన్నీ చెప్పి చేయించాను."

శ్యామలమ్మ తల దించుకుని మెల్లగా అంది. "అర్ధగంట చెప్పిన్రు సార్, వంకాయల గురించే."

"గంజి మాట చెప్పండి," అన్నారు వేణుమాధవ్ గారు, రాస్తూనే.

కామేశ్వరమ్మ గారు చుట్టూ చూశారు. బల్ల మీద మూతతో ఒక స్టీలు నీళ్ల గిన్నె ఉంది. లేచి దాన్ని దగ్గరకు తీసుకున్నారు. చీర కొంగును రెండు మడతలు వేసి చేతుల్లో పట్టుకున్నారు.

"ఇలాగండీ. మూత మీద గుడ్డ వేసి, రెండు బొటనవేళ్లూ మూత మీద నొక్కి పట్టి, మిగతా వేళ్లు అంచు కింద పెట్టి, మన వైపు కాకుండా అవతలికి వంచాలి. మెల్లగా. ఆవిరి ముందు పోనివ్వాలి. నేను వంచు, వంచు అంటున్నాను. ఈవిడ ఆగి చూస్తోంది. ఇంకా వంచు అన్నాను. ఒక్కసారి వంచేసింది. మూత తప్పింది."

ఆవిడ చూపిస్తుండగా కొంచెం నీళ్లు బల్ల మీద పడ్డాయి. వేణుమాధవ్ గారు ఫైలు పక్కకు లాక్కున్నారు.

రాయడం అయ్యాక ఆయన చదివి వినిపించారు. మామూలు గొంతుతో, ఒక్కో వాక్యం. గిన్నె ఇచ్చింది ఇంటి ఆవిడ. పని ఎలా చెయ్యాలో చెప్పింది ఇంటి ఆవిడ. తొమ్మిది నుంచి పక్కన ఉండి చేయించింది ఇంటి ఆవిడ. అన్నం ముప్పావు ఉడికినప్పుడు, ఇంటి ఆవిడ వంచమని చెప్పగా వంచింది.

"ఏమన్న తప్పున్నదా అమ్మా?"

"ఉందండీ. ముప్పావు కాదు. మెతుకు పట్టి చూస్తే లోపల పలుకు పోయి ఉండాలి. ముప్పావుకి వారిస్తే అన్నం బిరుసైపోతుంది. నేను చెప్పింది అదీ."

ఆయన కొట్టేసి దిద్దారు. "మీరు చెప్పింది అదే."

"అవును, నేను చెప్పింది..."

ఆవిడ అక్కడ ఆగిపోయారు. గిన్నె ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని కింద పెట్టారు. ఆవిడ ఫోన్ మోగింది. తెర మీద సత్యదేవ్ గారి పేరు నాకు కనిపించింది. ఆవిడ చూసి తీయలేదు. మోగి మోగి ఆగింది.

"మరి ఆ ఏజెన్సీ?" అన్నారు కాసేపటికి, అడిగినట్టు కాదు, తనలో తాను అనుకున్నట్టు.

అప్పుడు మా అమ్మ బెంచీ మీంచి లేచింది. "అమ్మగారూ, మీకు తక్లీఫ్ అయితే వద్దు. నేను పెడ్త. పేరు రాసుడు నేర్చుకుని వచ్చిన."

"నువ్వెందుకు పెడతావే? నువ్వు ఆ వేళ నా వంటింట్లో లేవుగా." ఆ మాట కోపంగానే అన్నారు. తర్వాత వేణుమాధవ్ గారిని అడిగారు. "నేను పెడితే ఏమవుతుందండీ?"

"ఫైలు పైకి పోతదమ్మా. మిమ్మల్ని ఇంకోసారి అడగొచ్చు, అడగకపోవచ్చు. నాకూ పక్కా తెలువదు. అబద్ధం చెప్పను."

ఆవిడ శ్యామలమ్మ చేతి కట్టు వైపు చూశారు. కళ్లజోడు పెట్టుకుని, పద్నాలుగో గడిలో సంతకం చేశారు. గుండ్రటి అక్షరాలు. వేణుమాధవ్ గారు ముద్ర వేసి, నంబరు రాసిన రసీదు చీటీ చింపి శ్యామలమ్మ ఎడమచేతిలో పెట్టారు.

మెట్లు దిగుతుంటే నాకు సంతోషంగా ఉంది. కింది మెట్టు దగ్గర కామేశ్వరమ్మ గారు ఆగారు.

"లచ్చమ్మా, ఇకమీదట నీ బదులు ఎవర్నీ పంపకు. నువ్వొస్తే నువ్వు రా. లేకపోతే లేదు. ముక్కూ మొహం తెలియని వాళ్లకి నేను యజమానిని కాలేను."

"సరే అమ్మగారూ," అంది అమ్మ.

లేకపోతే లేదు అంటే ఏమిటో అమ్మ అడగలేదు. నేనూ అడగలేదు. ఆవిడ కారెక్కి వెళ్లిపోయారు.

ఆ రోజే అమ్మ చెప్పగా యాప్‌లో ఏజెన్సీ తీసేశాను. ఓనర్ పోయింది, సిబ్బంది పోయారు. అమ్మ మళ్లీ వ్యక్తిగతం అయింది. ఒక్క ఫొటో. మళ్లీ ఏజెన్సీ పెడితే అమ్మ ఓనర్ అవుతుంది. పెట్టకపోతే ఆమెకు సెలవు లేదు. అప్పుడు రెంటిలో ఏది తప్పో నాకు తెలియలేదు. ఇప్పుడూ తెలియదు.

మూడు వారాల్లో శ్యామలమ్మ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. దరఖాస్తు స్వీకరించారని, మొదటి సాయం మంజూరైందని. ఆమె దాన్ని నాతో రెండుసార్లు చదివించుకుంది.

మే నెల మొదట్లో అమ్మకు జ్వరం వచ్చింది. నూట రెండు. వెళ్లొద్దన్నాను. "ఎవర్ని పంపాలె మరి?" అని మాత్ర వేసుకుని ఆరున్నరకే వెళ్లింది. ఎనిమిదింటికల్లా తిరిగొచ్చి మంచం మీద కూర్చుంది.

"ఏమైందమ్మా?"

"గిన్నె పొయ్యి మీద పెట్టిన. అమ్మగారొచ్చి నా చెయ్యి పట్టి చూసింది. కాలుతున్నదే అన్నది. గిన్నె దించేసింది. ఇంటికి పో, నువ్వు వద్దు, నేనే చేసుకుంట అన్నది."

"రేపు రమ్మన్నదా?"

"చెప్పలె."

"మరి వద్దన్నదా?"

"గదే గద చెప్తున్న. నువ్వు వద్దు అన్నది. ఇయ్యాలటికి వద్దన్నదో, మొత్తానికే వద్దన్నదో." అమ్మ నుదురు పట్టుకుంది. "సెలవిచ్చిందా, మాన్పించిందా? మీ కాయితాలల్ల దీన్ని ఏమంటరు?"

నేను ఫోన్ తీసి యాప్ చూశాను. అమ్మ ఫొటో పచ్చగానే ఉంది. దాని వల్ల ఏమీ తేలదు. పేరు తీసేయడం వాళ్లు మరిచిపోయి ఉండొచ్చు. ఫోన్ చేసి అడుగుదామా అన్నాను. అమ్మ వద్దంది. అడిగితే లేదు అనొచ్చు, అడగకుంటే ఏమీ అనకపోవచ్చు, అంది. అందులో లెక్క ఉందనిపించింది.

రెండు రోజులకు జ్వరం తగ్గింది. మూడోరోజు పొద్దున నేను కూడా అమ్మతో వెళ్లాను. వాచ్‌మన్ ఫోన్ ఎత్తి అమ్మ మొహం చూశాడు. పచ్చ వచ్చింది. అమ్మ కొంగు నడుముకు చెక్కుకుని లోపలికి నడిచింది. వెనక్కి చూడలేదు.

నేను గేటు బయట నిలబడ్డాను. వద్దంటే వెంటనే తిరిగి వస్తుంది కదా అని. పావుగంట చూశాను, అరగంట చూశాను. కార్లు వెళ్లాయి, పాలవాడు వెళ్లాడు. అమ్మ రాలేదు. వాచ్‌మన్ రెండుసార్లు నన్ను ఎవరి కోసం అని అడిగాడు. మా అమ్మ లోపల పనిలో ఉందని చెప్పాను.

చెప్పాక ఇంకో పది నిమిషాలు చూసి, సెంటర్‌కు టైమవుతోందని బస్సెక్కాను.